జిరాక్స్‌లో నల్ల గీత పోవడం లేదా? మీరు తుడుస్తున్న అద్దం అది కాకపోవచ్చు!

ఆన్‌లైన్ అప్లికేషన్‌కు ఈ సాయంత్రమే గడువు. టెన్త్ మెమోను ఆఫీసు మెషీన్‌లో స్కాన్ చేశారు. స్క్రీన్‌పై చూస్తే సరిగ్గా హాల్‌టికెట్ నంబర్ మీదుగా సన్నటి నల్ల గీత. మళ్లీ స్కాన్ చేశారు. మళ్లీ అదే గీత, అదే చోట. మూత ఎత్తి జేబురుమాలుతో పెద్ద అద్దాన్ని తళతళలాడేలా తుడిచారు. అయినా గీత పోలేదు. ఇక మెషీన్ పాడైపోయిందని, మెకానిక్ రావాల్సిందేనని చాలామంది ఫిక్స్ అయిపోతారు.

ఒక్క నిమిషం ఆగండి. ఇలాంటప్పుడు మెషీన్ బాగానే ఉండొచ్చు. కంటికి సరిగా ఆనని చిన్న మచ్చ ఒకటి వేరే అద్దంపై కూర్చుని ఉంటుంది. ఆ అద్దం ఎక్కడుందో తెలిస్తే ఇది కొన్ని నిమిషాల పనే. అదెలాగో చూద్దాం.

అసలు లోపల ఏం జరుగుతుంది?

ఆఫీసుల్లో, జిరాక్స్ షాపుల్లో ఉండే పెద్ద మెషీన్లలో స్కాన్ చేయడానికి రెండు దారులు ఉంటాయి. మూత ఎత్తి పేపర్‌ను పెద్ద అద్దంపై బోర్లా పెట్టడం ఒకటి. పైనున్న ఫీడర్‌లో పేపర్ల కట్ట పెట్టి బటన్ నొక్కడం రెండోది.

పెద్ద అద్దంపై పెట్టినప్పుడు పేపర్ కదలదు. కిందున్న లైటు ఒక చివర నుంచి ఇంకో చివరకు కదులుతూ పేజీని చదువుతుంది. ఫీడర్‌లో పెడితే సీన్ రివర్స్. లైటు ఒకేచోట ఆగి ఉంటుంది, పేపరే దాని మీదుగా జారుకుంటూ వెళ్తుంది. పేపర్ జారే ఆ చోట, పెద్ద అద్దం పక్కనే, సాధారణంగా ఎడమవైపు, వేలి వెడల్పున ఒక సన్నటి గాజు పట్టీ ఉంటుంది. చాలామంది దాన్ని డిజైన్‌లో భాగం అనుకుని వదిలేస్తారు.

గీత పుట్టేది ఇక్కడే. పెద్ద అద్దంపై దుమ్ము చుక్క ఉంటే కాపీలో కూడా ఒక చుక్కే పడుతుంది. అదే చుక్క గాజు పట్టీపై ఉంటే, పేజీలోని ప్రతి వరుసా దాని మీదుగానే పోతుంది. దాంతో చుక్క కాస్తా పేజీ పొడవునా గీత అయిపోతుంది. పేపర్ ఏ దిశలో జారితే గీత ఆ దిశలో వస్తుంది. పెద్ద మెషీన్లలో ఏ4 పేపర్‌ను అడ్డంగా పెడతారు కాబట్టి, చదివేటప్పుడు గీత అడ్డంగా కనిపించొచ్చు. కంగారు పడొద్దు, రెండింటికీ కారణం ఒకటే.

ముందు ఈ మూడు టెస్టులు చేయండి

గుడ్డ పట్టుకునే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. మూడు కాగితాలు ఖర్చవుతాయి, అంతే.

1. పేపర్‌ను పెద్ద అద్దంపై పెట్టి ఒక కాపీ తీయండి.
2. అదే పేపర్‌ను ఫీడర్‌లో పెట్టి ఇంకో కాపీ తీయండి.
3. కంప్యూటర్ నుంచి నేరుగా ఏదైనా ఒక పేజీ ప్రింట్ ఇవ్వండి.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఫీడర్ కాపీలో మాత్రమే గీత ఉంటే: గాజు పట్టీ మురికైంది. మీరే క్లీన్ చేసుకోవచ్చు.

పెద్ద అద్దం కాపీలో ప్రతిసారీ ఒకేచోట చుక్క పడుతుంటే: పెద్ద అద్దంపైనో, మూత కింద ఉండే తెల్లటి ప్యాడ్‌పైనో మరక ఉంది. ఇదీ మీ చేతిలో పనే.

రెండు కాపీల్లోనూ గీత ఉండి, కంప్యూటర్ ప్రింట్ మాత్రం శుభ్రంగా వస్తే: మచ్చ లోపలి భాగాలపై ఉండొచ్చు. ఇది సర్వీస్ ఇంజినీర్ పని.

కంప్యూటర్ ప్రింట్‌లోనూ అదే గీత వస్తే: స్కానర్‌ది తప్పు కాదు. డ్రమ్, టోనర్ ఉండే ప్రింటింగ్ భాగంలో సమస్య ఉంది. మీరు అద్దాన్ని ఎన్నిసార్లు తుడిచినా లాభం లేదు. మచ్చలు సమాన దూరంలో రిపీట్ అవుతున్నా డ్రమ్‌నో, రోలర్లనో అనుమానించాలి.

ఇంకో కేసు కూడా ఉంది. కొన్ని మెషీన్లు పేపర్ రెండు వైపులనూ ఒకేసారి స్కాన్ చేస్తాయి. వాటిలో రెండో వైపు కోసం ఫీడర్ లోపల ఇంకో సెన్సర్, ఇంకో గాజు పట్టీ ఉంటాయి. పేజీ ముందువైపు బాగుండి వెనుకవైపు మాత్రమే గీత వస్తుంటే అక్కడ చూడాలి.

అర్జెంటా? క్లీన్ చేసే టైం కూడా లేదా? అయితే ఫీడర్‌ను వదిలేసి, పేపర్‌ను పెద్ద అద్దంపై పెట్టి స్కాన్ చేయండి. గాజు పట్టీతో సంబంధం ఉండదు కాబట్టి గీత రాదు. అప్లికేషన్ పంపేశాక తీరిగ్గా తుడుచుకోవచ్చు.

ఏం వాడాలి? ఏం వాడకూడదు?

కళ్లద్దాలు తుడుచుకునే మైక్రోఫైబర్ గుడ్డ బెస్ట్. లేదంటే నూగు రాలని మెత్తటి పాత కాటన్ గుడ్డ చాలు. కొద్దిగా శుభ్రమైన నీళ్లు, మొండి మరకలకు మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవులు తుడుచుకునే కాటన్ బడ్స్ దగ్గర ఉంచుకోండి.

వాడకూడనివి: పెయింట్ థిన్నర్, పెట్రోల్, నెయిల్ పాలిష్ రిమూవర్, గిన్నెలు తోమే పీచు. బ్లేడుతో గీకడం అయితే అస్సలు వద్దు. గాజుపై ఒక్క గీత పడిందంటే, ఆ గీత ఇక ప్రతి కాపీలో కనిపిస్తుంది. టిష్యూ పేపర్ నూగు వదులుతుంది, పాత మరక పోయి కొత్తది వస్తుంది.

ముఖ్యమైన విషయం... ఏ ద్రవాన్నైనా గుడ్డపై వేసుకోవాలి తప్ప అద్దంపై స్ప్రే చేయకూడదు. అంచుల సందుల్లోంచి తడి లోపలికి దిగితే అద్దం అడుగున మరక కడుతుంది. దాన్ని బయటి నుంచి తుడవలేం.

క్లీనింగ్ ఇలా...

స్టెప్ 1: మెషీన్‌ను ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి. కాసేపు చల్లారనివ్వండి.

స్టెప్ 2: మూతను పూర్తిగా ఎత్తి, గాజు పట్టీని పక్కనుంచి చూడండి. ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా వేస్తే మచ్చ మెరుస్తూ దొరికిపోతుంది. దొరక్కపోతే ఇంకో ఉపాయం ఉంది. గీత ఉన్న కాపీలో, అంచు నుంచి గీత ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. పట్టీపై ఆ దూరంలో రెండు వైపుల నుంచీ వెతకండి.

స్టెప్ 3: ముందు పొడి గుడ్డతో దుమ్ము తీయండి. తర్వాత తడి చేసి గట్టిగా పిండిన గుడ్డతో పట్టీని ఒక చివర నుంచి ఇంకో చివరకు తుడవండి. చివరగా మళ్లీ పొడి గుడ్డ.

స్టెప్ 4: మరక ఇంకా కదలకపోతే అది దుమ్ము కాదు. వైట్‌నర్, గమ్ము, బాల్ పెన్ ఇంకు... వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. కాటన్ బడ్‌ను ఆల్కహాల్‌లో అద్ది మచ్చపై కాసేపు ఆనించండి, నానుతుంది. తర్వాత మెల్లగా రుద్దండి. వేలి గోరు తగిలితే గరుకుగా అనిపించేది నున్నగా మారిందంటే మచ్చ పోయినట్టే.

స్టెప్ 5: పట్టీకి ఎదురుగా, ఫీడర్ అడుగున తెల్లటి పట్టీనో, రోలరో ఉంటుంది. దాన్నీ తుడవండి. అలాగే పెద్ద అద్దం, మూత కింది తెల్ల ప్యాడ్. ఈ ప్యాడ్ మురికైతే కాపీ వెనుక బూడిద రంగు ఛాయ వస్తుంది. దానిపై ఆల్కహాల్ వద్దు, తడి గుడ్డ చాలు.

స్టెప్ 6: పేపర్ వంకరగా లాగుతుంటే ఫీడర్ పైమూత తెరిచి రబ్బరు రోలర్లను తడి గుడ్డతో తిప్పుతూ తుడవండి.

స్టెప్ 7: అన్నీ ఆరాకే ప్లగ్ పెట్టి, మళ్లీ రెండు కాపీలు తీసి చూడండి.

ఎక్కడ తుడవొచ్చో చూపే బొమ్మలు మెషీన్ మాన్యువల్‌లో ఉంటాయి. చాలా మోడళ్లకు ఫీడర్ మూత లోపల స్టిక్కర్ కూడా అతికించి ఉంటుంది. మన గుడ్డి లెక్క కంటే అదే కరెక్ట్.

అద్దం క్లీన్... అయినా మసకేనా?

ఇప్పుడు సెట్టింగ్స్ చూడాలి. మామూలు అక్షరాలకు 300 డీపీఐ సరిపోతుంది. సన్నటి అక్షరాలు, స్టాంపులు, సీళ్లు ఉంటే 600 పెట్టుకోవచ్చు. ఏ4 పేజీని 300 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 87 లక్షల పిక్సెళ్లు వస్తాయి. 100 డీపీఐకి తగ్గిస్తే 10 లక్షల లోపే. అంటే తొమ్మిదో వంతు. వెబ్‌సైట్ చెప్పిన కేబీల్లో ఫైల్ ఇరికించాలని డీపీఐని అడ్డంగా తగ్గిస్తే ముందు పోయేది సీరియల్ నంబరే. రంగు అవసరం లేని చోట గ్రేస్కేల్ పెట్టండి, సైజు తగ్గుతుంది, అక్షరం నిలుస్తుంది.

న్యూస్‌పేపర్ ఫొటో స్కాన్ చేస్తే అలల్లాంటి గళ్లు వస్తాయి. అది మరక కాదు, అచ్చులోని చుక్కల వల్ల వచ్చేది. మెషీన్‌లో ప్రింటెడ్ ఫొటో మోడ్ ఉంటే అది ఎంచుకోండి. పల్చటి కాగితం వెనుక అక్షరాలు ముందుకు కనిపిస్తుంటే, పేపర్ వెనుక ఒక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేయండి.

అంకెలే మారిపోయాయి!

స్కాన్ శుభ్రంగా కనిపించినంత మాత్రాన సరిగ్గా ఉన్నట్టు కాదు. 2013లో జర్మనీకి చెందిన కంప్యూటర్ సైంటిస్ట్ డేవిడ్ క్రీసెల్ ఒక విచిత్రం బయటపెట్టారు. జిరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ మెషీన్లలో స్కాన్ చేసిన బిల్డింగ్ ప్లాన్‌లో గదుల కొలతలు మారిపోయాయి. 21.11 చదరపు మీటర్ల గది స్కాన్‌లో 14.13 అయింది. ఎక్కడా మచ్చ లేదు, మసక లేదు. ఫైల్ సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్, ఒకేలా కనిపించిన భాగాల్లో ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టేసింది. ఇతర కాగితాల్లో 6 కాస్తా 8 అయిన సందర్భాలూ బయటపడ్డాయి. ఆ తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ ప్యాచ్ ఇచ్చింది.

అందుకే మార్కుల మెమో అయినా, పొలం పాస్‌బుక్ అయినా, బ్యాంకు కాగితం అయినా... పంపే ముందు స్కాన్‌ను పెద్దది చేసి, అంకెలను ఒరిజినల్‌తో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. పాత మెషీన్ అయితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారో లేదో సర్వీస్ వాళ్లను అడగండి.

ఇంజినీర్‌ను ఎప్పుడు పిలవాలి?

అద్దం అడుగున పొగమంచు పట్టినట్టు ఉన్నా, పేజీ మొత్తం ఒకేలా మసకబారినా, లైటు మిణుకుమిణుకుమంటున్నా మీరు చేయి పెట్టొద్దు. స్క్రూలు విప్పి లోపలి భాగాలను తుడిచే ప్రయత్నం చేస్తే చిన్న రిపేర్ పెద్దదవుతుంది. ఏఎంసీ ఉంటే వాళ్లకే చెప్పండి. ఫోన్‌లో 'గీత వస్తోంది' అని ఊరుకోకుండా మూడు టెస్టుల్లో ఏం తేలిందో చెప్తే, వాళ్లు దానికి తగ్గ సరంజామాతో వస్తారు.

మళ్లీ రాకుండా ఉండాలంటే...

వైట్‌నర్ పూసిన పేపర్, అప్పుడే గమ్ముతో ఫొటో అంటించిన అప్లికేషన్... పూర్తిగా ఆరేదాకా ఫీడర్‌లో పెట్టొద్దు. గాజు పట్టీపై అతుక్కునే మరకల్లో ఇవే ముందుంటాయి. స్టేపుల్ పిన్నులు తీయడం మర్చిపోవద్దు, అవి గాజును గీకేస్తాయి. లామినేట్ చేసిన సర్టిఫికెట్లు, చిరిగిన పాత కాగితాలు పెద్ద అద్దంపైనే పెట్టాలి. టీ కప్పు మెషీన్‌పై పెట్టే అలవాటు మానాలి.

ఆయుధ పూజ రోజు మెషీన్‌కూ బొట్టు పెడతాం కదా... తప్పకుండా పెట్టండి. కానీ మూత మూసి, పక్క బాడీపై పెట్టండి. పసుపు, కుంకుమ, అగరబత్తి బూడిద గాజు పట్టీపై రాలితే మర్నాటి నుంచి గీతలే.

వారానికి ఒకసారి, సోమవారం ఉదయం మెషీన్ ఆన్ చేయకముందే, గాజు పట్టీని ఒకసారి పొడి గుడ్డతో తుడవండి. గుడ్డను మెషీన్ పక్కనే ఉంచితే ఎవరికి గీత కనిపించినా వాళ్లే తుడుచుకుంటారు. గడువు రోజు సాయంత్రం మెకానిక్ కోసం ఎదురుచూసే పని తప్పుతుంది.