రెటినైటిస్ పిగ్మెంటోసాలో ప్రోటీన్ల విచ్ఛిత్తి

రెటినైటిస్ పిగ్మెంటోసా అనగా కంటి లోపలి నేత్రపటలంలోని కాంతిగ్రాహక కణాలు క్రమంగా నశించిపోయే వంశపారంపర్య వ్యాధి. ప్రపంచంలో సుమారు 4,000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. మొదట రేచీకటిగా బయటపడుతుంది. తరువాత చూపు అంచుల నుండి కుంచించుకుపోయి, గొట్టంలో నుండి చూసినట్లు మధ్యభాగం మాత్రమే మిగులుతుంది. దీనికి కారణమయ్యే జన్యువులు పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో కొన్నింటికి, కణంలో పనికిరాని ప్రోటీన్లను తొలగించే ఏర్పాటుకు దగ్గర సంబంధం ఉంది. ఆ సంబంధాన్ని, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల కుటుంబాలకు దాని వలన ఉపయోగపడే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

విచ్ఛిత్తి జరిగే విధానం

ప్రోటీన్లను మన పాఠ్యపుస్తకాలలో మాంసకృత్తులు అనేవారు. ఆ మాట వినగానే తినే ఆహారమే స్ఫురిస్తుంది గనుక ఇక్కడ ప్రోటీన్లు అనే వ్యవహరిస్తున్నాము. ప్రతి కణము తనకు కావలసిన ప్రోటీన్లను తానే తయారు చేసుకుంటుంది, పాతబడినవాటిని, సరిగా మడత పడనివాటిని తానే విరిచివేస్తుంది.

ఈ పనికి రెండు ముఖ్య మార్గాలున్నాయి. మొదటి దానిలో, తొలగించవలసిన ప్రోటీన్‌కు కొన్ని ఎంజైములు యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌ను గొలుసులాగ తగిలిస్తాయి. ఆ గుర్తు పడినదానిని ప్రోటియసోమ్ అనే పీపా ఆకారపు నిర్మాణం లోనికి లాగి ముక్కలు చేస్తుంది. ఈ విధానాన్ని కనుగొన్నందుకు ఆరన్ చెహనోవర్, అవ్రం హెర్ష్‌కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. రెండవది లైసోజోముల మార్గము. పెద్ద ముక్కలు ఈ సంచులలో జీర్ణమవుతాయి.

కంటిలో

మసక వెలుతురులో చూపునకు ఆధారమైన దండకణాలలో రొడాప్సిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దీనిలో 348 అమైనో ఆమ్లాలున్నాయి. 23వ స్థానంలో ప్రోలిన్‌కు బదులు హిస్టిడిన్ చేరితే రెటినైటిస్ పిగ్మెంటోసా వస్తుందని 1990లో అమెరికాలో థాడియస్ డ్రైజా బృందం ప్రకటించింది. ఒక్క అక్షరం తప్పు పడితే మాట అర్థమే మారినట్లు, ఈ ఒక్క మార్పుతో రొడాప్సిన్ సరిగా మడత పడదు. కణం దానిని పట్టుకొని, యుబిక్విటిన్ గుర్తు వేసి ప్రోటియసోమ్‌కు పంపుతుంది. అయితే దండకణం తయారు చేసే ప్రోటీన్లలో రొడాప్సిన్‌దే పెద్ద వాటా. చెడ్డ సరుకు అంత మొత్తంలో వచ్చిపడితే విచ్ఛిత్తి యంత్రాంగం మీద భారం పెరుగుతుంది. కణం మరణానికి ఇదొక కారణమని పరిశోధకుల అభిప్రాయం. చిట్టెలుకలలో ప్రోటియసోమ్ పనిని పెంచినప్పుడు ఈ క్షీణత నెమ్మదించినట్లు 2018లో వెల్లడైంది.

గుర్తు వేసే ఎంజైములో భాగమైన ప్రోటీన్‌లోనే లోపం ఉండవచ్చు. కేఎల్‌హెచ్‌ఎల్-7 అనే జన్యువు ఇటువంటిది. దీనికి, ఈ వ్యాధికి గల సంబంధం 2009లో తెలిసింది.

లైసోజోముల మార్గానికి కూడా కంటిలో పెద్ద పని ఉంది. దండకణాలు తమ బయటి భాగంలో సుమారు పదవ వంతును ప్రతిరోజూ రాలుస్తాయి. వెనుక ఉన్న వర్ణక పొరలోని కణాలు ఆ ముక్కలను మ్రింగి జీర్ణం చేసుకుంటాయి. మెర్‌టీకే జన్యువు చెడినవారిలో ఈ మ్రింగుడు ఆగిపోయి, చెత్త పేరుకొని, దండకణాలు చనిపోతాయి.

దిగువ కృష్ణా డెల్టాలో

కోస్తా జిల్లాలలో మేనరికాలు చిరకాలంగా వాడుకలో ఉన్నాయి. ఇంట్లో ఒకరికి చూపు తగ్గితే నేరమంతా మేనరికం మీద వేయడం కద్దు. ఇది సగమే నిజం. మెర్‌టీకే వంటివి అంతర్గత లక్షణాలు. తల్లి నుండి, తండ్రి నుండి రెండు లోపపు ప్రతులూ వస్తేనే వ్యాధి కలుగుతుంది. మేనమామకు, మేనకోడలికి సగటున నాలుగవ వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి, బావామరదళ్ళకు ఎనిమిదవ వంతు. కనుక ఇటువంటి పెళ్ళిళ్ళలో ఆ అవకాశం పెరుగుతుంది. కాని పైన చెప్పిన రొడాప్సిన్ లోపము, కేఎల్‌హెచ్‌ఎల్-7 లోపము బహిర్గత లక్షణాలు. వీటికి ఒక్క ప్రతి చాలు, మేనరికంతో పని లేదు. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకు సగం అవకాశం ఉంటుంది. కొన్ని సందర్భాలలో వంశంలో ఎవరికీ లేకుండా కొత్తగానూ పుడుతుంది. కోడలినో, సంబంధం కుదిర్చినవారినో నిందించే ముందు జన్యుపరీక్ష చేయించడం న్యాయం.

రేచీకటి అనగానే ఎ-విటమిన్ లోపమని అనుకోవడం మరొక పొరపాటు. పిల్లలకు ఎ-విటమిన్ ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. ఆ లోపం వలన వచ్చిన రేచీకటి విటమిన్ ఇస్తే తగ్గుతుంది, ఇది తగ్గదు. కొన్ని నేత్రపటల వ్యాధులలో అధిక మోతాదు హానికరం కూడాను. అందువలన వైద్యుని అడగకుండా వాడరాదు.

1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థలో చిత్రా కన్నబిరాన్ బృందం భారతీయ కుటుంబాలలో ఈ వ్యాధి జన్యువులను పరిశోధించింది. ఈ సంస్థ విజయవాడ ప్రాంగణం తాడిగడపలో ఉంది. బందరు, అవనిగడ్డ వైపు నుండి వచ్చేవారికి ఇదే దగ్గర.

చికిత్స

విచ్ఛిత్తి యంత్రాంగాన్ని సరిచేసే మందు మనుషులకు ఇంకా రాలేదు. ఆర్‌పీఈ-65 అనే జన్యువులో రెండు ప్రతులూ చెడినవారికి మాత్రం నేత్రపటలం క్రింద మంచి జన్యువును ఎక్కించే చికిత్సకు 2017లో అమెరికాలో అనుమతి లభించింది. ఆ చికిత్సకు అర్హత ఉన్నదీ లేనిదీ జన్యుపరీక్ష ద్వారానే తెలుస్తుంది.