చేపల చెరువుకు ఏరియేటర్‌ ఎంపిక ఎలా?

లోతు, చేపల బరువు చూశాకే కొనుగోలు.. చేప తేలక ముందే మీట నొక్కాలి

కైకలూరు: ముసురు పట్టిన మర్నాడు తెల్లవారుజామున చెరువు గట్టుపై నిలబడితే చేపల రైతు గుండె దడదడలాడుతుంది. శీలావతి, బొచ్చె నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయంటే నీటిలో ప్రాణవాయువు అడుగంటినట్లే. ఏడాది పాటు మేత పోసి పెంచిన పంట కొన్ని గంటల్లోనే తెల్లబడి తేలుతుంది. ఈ ముప్పును తప్పించే ఏరియేటర్లు నేడు కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల రైతులకు సుపరిచితమే. అయితే పక్క చెరువులో తిరుగుతున్నదే తెచ్చి తమ చెరువులో వేస్తే ప్రయోజనం అంతంతమాత్రమే.

రాత్రివేళే గండం

పగలు నీటిలోని నాచు సూర్యరశ్మితో ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగున ఉన్న బురద కలిసి దానిని వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున 4 నుంచి 6 గంటల మధ్య నిల్వ అత్యల్పంగా ఉంటుంది. మబ్బు రోజుల్లో పగటి ఉత్పత్తి తగ్గి ముప్పు రెట్టింపవుతుంది. బొచ్చె, శీలావతి వంటి రకాలకు 5 పీపీఎం ఉంటే క్షేమం. 3 పీపీఎం కంటే తగ్గితే మేత తీసుకోవు, రోగాలకు లోనవుతాయి. ఫంగేసియస్‌ గాలిని నేరుగా పీల్చగలదు కాబట్టి కొంత తట్టుకుంటుంది.

లెక్క తెలిస్తేనే ఎంపిక

ఎకరం విస్తీర్ణంలో 5 అడుగుల లోతున్న చెరువులో సుమారు 60 లక్షల లీటర్ల నీరు ఉంటుంది. దానిలో ప్రాణవాయువును 1 పీపీఎం పెంచాలంటే 6 కిలోలు కావాలి. 2 హెచ్‌పీ చక్రాల ఏరియేటర్‌ గంటకు 3 కిలోల వరకు ఇస్తుందని చెబుతారు. ఈ అంకె 20 డిగ్రీల వేడి గల, ప్రాణవాయువు ఏమాత్రం లేని శుభ్రమైన నీటిలో పరీక్షించి తేల్చినది. మన చెరువుల్లో 30 డిగ్రీల నీటిలో 4 పీపీఎం ఉన్నప్పుడు అందులో సగం కూడా దక్కదు. అంటే ఒక్క పీపీఎం పెరగడానికి 4 గంటలకు పైగా పడుతుంది. 10 ఎకరాల చెరువులో ఒక్కటి వేస్తే నీరంతా బాగుపడదు, దాని చుట్టూ కొంత మేర చేపలు తలదాచుకునే చోటు మాత్రమే ఏర్పడుతుంది. కనుక పెద్ద చెరువులో ఏరియేటర్లను మూలకొకటిగా విడదీయకుండా ఒకచోట చేర్చడం అత్యవసర వేళల్లో మేలు.

ఏ చెరువుకు ఏది?

చక్రాల ఏరియేటర్‌ (పాడిల్‌ వీల్‌): 3 నుంచి 5 అడుగుల లోతు చెరువులకు అనువైనది. యూనిట్‌ విద్యుత్తుకు ఎక్కువ ప్రాణవాయువు ఇచ్చేది ఇదే. రొయ్యల చెరువుల్లో కనిపించేది ఎక్కువగా ఇదే. లోతు పెరిగితే పైనీటినే చిలుకుతుంది.

ఆస్పిరేటర్‌: బోలు గొట్టం ద్వారా గాలిని పీల్చి నీటి లోపలికి ఏటవాలుగా నెడుతుంది. 6 అడుగులు, అంతకు మించిన లోతులో అడుగునీటిని కదిలిస్తుంది. విద్యుత్తు ఖర్చు కొంత అధికం.

బ్లోయరు, గాలి గొట్టాలు: హేచరీలు, నర్సరీ తొట్లు, బయోఫ్లాక్‌ ట్యాంకులకు తగినవి. తక్కువ లోతు చెరువుల్లో బుడగలు త్వరగా పైకి వచ్చేస్తాయి కనుక ఫలితం తక్కువ.

కొనేముందు గేర్‌బాక్సు, మోటారు బిగింపు, విడిభాగాల లభ్యత, స్థానికంగా మరమ్మతు చేసేవారు ఉన్నారా అన్నవి చూసుకోవాలి. 2 హెచ్‌పీ యంత్రం 5 గంటలు తిరిగితే సుమారు 8 యూనిట్లు ఖర్చవుతుంది. కోత వేళలకు డీజిల్‌ జనరేటర్‌ లేకుంటే ఏరియేటర్‌ ఉన్నా లేనట్లే.

ఎప్పుడు వేయాలి?

చేప తేలాక మీట నొక్కితే ఆలస్యమే. రాత్రి 7 గంటలకు, మళ్లీ 10 గంటలకు మీటరుతో కొలిస్తే తెల్లవారుజాము పరిస్థితిని ముందే అంచనా వేయవచ్చు. ఉదాహరణకు 7 గంటలకు 8 పీపీఎం, 10 గంటలకు 6.5 ఉంటే గంటకు అర పీపీఎం చొప్పున తగ్గుతున్నట్లు. 5 గంటలకు 3కు చేరుతుంది. అటువంటి రోజు ఒంటిగంటకే, 5 పీపీఎం ఉండగానే ప్రారంభించి సూర్యోదయం తర్వాత వరకు తిప్పాలి. మబ్బు రోజుల్లో మేత, ఎరువులు తగ్గించాలి. చేప అప్పటికే తేలితే మేత పూర్తిగా ఆపి, ఏరియేటర్‌తో పాటు పంపుతో మంచినీటిని చిమ్మించాలి.

ప్రాణాలకు జాగ్రత్త

నీటిలో విద్యుత్తు యంత్రం అంటే ప్రమాదం పొంచి ఉన్నట్లే. ఎర్తింగ్‌, విద్యుత్తు లీకైతే సరఫరా నిలిపివేసే ఈఎల్‌సీబీ తప్పనిసరి. అతుకుల తీగలు వాడరాదు. సరఫరా ఆపకుండా చెరువులోకి దిగరాదని కాపలాదారులకు గట్టిగా చెప్పాలి. నీటి ఒరవడికి గట్టు కోతకు గురికాకుండా యంత్రాన్ని గట్టుకు 10 నుంచి 15 అడుగుల దూరంలో అమర్చాలి.

చెరువు లోతు, విస్తీర్ణం, చేపల బరువు రాసుకుని స్థానిక మత్స్యశాఖ అధికారులను లేదా ఉండి మత్స్య పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను సంప్రదించి ఆ తర్వాతే దుకాణానికి వెళ్లడం రైతుకు లాభదాయకం.