గడ్డను అడిగి చేసే వైద్యం



ఒకరికి పడిన వంకాయ ఇంకొకరికి దురద పెడుతుంది. ఇది మనకు తెలిసిందే. క్యాన్సరు వైద్యంలో కూడా ఇంతేనని తేలడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఆ కథ వినండి.

ఈనిన ఆవుకు అండాశయాలు తీసేస్తే ఎక్కువకాలం పాలిస్తుందని కొన్ని దేశాల రైతులు అలా చేసేవారు. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో బీట్సన్ అనే సర్జన్ ఈ సంగతి మీద ఆలోచించారు. రొమ్ముకూ అండాశయానికీ ఏదో లంకె ఉండాలి కదా! 1895లో, రొమ్ము క్యాన్సరు ముదిరిన 33 ఏళ్ల స్త్రీకి ఆయన అండాశయాలు తీసేశారు. గడ్డలు కరిగిపోయాయి. తర్వాత ఎందరికో ఈ ఆపరేషను చేశారు. కాని గుణం కనిపించింది సుమారు ముగ్గురిలో ఒకరికే. తక్కిన ఇద్దరికీ కోత బాధే మిగిలింది. ఆ ఒక్కరెవరో ముందుగా చెప్పే దారి లేదు మరి.

ఆ దారి చికాగోలో దొరికింది. 1958లో ఎల్‌వుడ్ జెన్సెన్ అనే శాస్త్రవేత్త, ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోనుకు రేడియోధార్మిక గుర్తు పెట్టి ఎలుకలకిచ్చి చూశారు. అది కండరాల్లో నిలవలేదు, గర్భాశయంలో నిలిచింది. అక్కడ దాన్ని పట్టి ఉంచే ప్రోటీను ఒకటుంది. అదే రిసెప్టర్. రొమ్ము గడ్డలో ఈ రిసెప్టర్లు లేకపోతే అండాశయాలు తీసినా దాదాపు ఫలితముండదని తర్వాత తెలిసింది. ఎందరికో అక్కరలేని కోత తప్పింది.

మరి అండాశయానికే క్యాన్సరు వస్తే? 2013లో పలు దేశాల పరిశోధకులు దాదాపు 3 వేలమంది గడ్డలను పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. ఎండోమెట్రియాయిడ్ అనే రకంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రిసెప్టర్లు ఉన్నవారు లేనివారికంటే ఎక్కువకాలం బతికారు. ఎక్కువమందికి వచ్చే హైగ్రేడ్ సీరస్ రకంలో ప్రొజెస్టరాన్ రిసెప్టర్లు బాగా ఉన్నప్పుడే ఆ మేలు కనిపించింది. ఇది జాతకం కాదు సుమండీ, పదిమందిని చూసి కట్టిన లెక్క.

ఇంకొక రిసెప్టర్ ఉంది. గర్భిణులకిచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర మీకు తెలుసు. 1940లలో దాన్ని అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ ఫోలేటును పట్టుకునే రిసెప్టర్ చాలా అండాశయ గడ్డల మీద ఉంటుంది. దాన్ని గుర్తుపట్టి విషాన్ని గడ్డలోకి చేర్చే మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. ముందు గడ్డను పరీక్షించి, ఆ రిసెప్టర్లు ఎక్కువగా ఉన్నవారికే ఆ మందు ఇస్తారు.

ఇవన్నీ గడ్డ బయటపడ్డాక చేసే పరీక్షలు. అంతకుముందు పని మనది. కడుపుబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం వారాల తరబడి ఉంటే, గ్యాసేలే అని వామునీళ్లతో సరిపెట్టుకోకండి. డాక్టరుకు చూపించుకోండి.