విరిగిన ముక్క కోసం పుట్టిన యంత్రం

ఇంజిన్ విప్పుతున్నప్పుడు పానా ఉన్నట్టుండి తేలిగ్గా తిరిగిందంటే మెకానిక్ గుండె జారుతుంది. బోల్టు తల చేతికొస్తుంది, మొండెం సిలిండర్ హెడ్డులో ఉండిపోతుంది. ఏళ్ల తరబడి వేడికి కాగి తుప్పెక్కిన ఉక్కు, అల్యూమినియం మరల్లో మొండిగా బిగుసుకుంటుంది. ముక్క పైకి కనిపిస్తే నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పుతారు. లోపలుంటే నడిమధ్య రంధ్రం వేసి ఎడమ మరల ఎక్స్‌ట్రాక్టర్ దించుతారు. అది మహా గట్టిది, అంతే పెళుసు. అదీ లోపలే విరిగితే మామూలు డ్రిల్లు దాని మీద గీత కూడా పెట్టలేదు.

ఇలాంటి చిక్కే ఒక కొత్త యంత్రవిద్యకు పురుడు పోసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో అల్యూమినియం పోతల్లో డ్రిల్లులు, మర కోసే ట్యాపులు విరిగి ఇరుక్కునేవి. వాటిని విద్యుత్ రవ్వలతో తొలిచి తీయాలని హెరాల్డ్ స్టార్క్, విక్టర్ హార్డింగ్, జాక్ బీవర్ పూనుకున్నారు. లోహంపై చెక్కడానికి వాడే చిన్న విద్యుత్ పరికరంతో మొదలుపెడితే దాని శక్తి చాలలేదు. చివరకు సెకనుకు 60 రవ్వలు పుట్టించే యంత్రం తయారైంది. రవ్వ లోహాన్ని తింటుందన్న సంగతి 1770లోనే జోసెఫ్ ప్రీస్ట్లీ గమనించాడు. అమెరికాలో దాన్ని పనిలో పెట్టించింది మాత్రం ఈ విరిగిన ముక్కలే.

అదే కాలంలో, 1943 నాటికి, సోవియట్ దేశంలో బోరిస్, నటాలియా లాజరెంకో దంపతులు మరో దారిలో అక్కడికే చేరారు. టంగ్‌స్టన్ కాంటాక్టులు రవ్వలకు అరిగిపోకుండా చూడటం వాళ్ల పరిశోధన. ఆ అరుగుదలనే అదుపులో పెట్టి లోహాన్ని కోయవచ్చని వాళ్లు తేల్చారు. ఇవాళ ప్లాస్టిక్ వస్తువుల అచ్చులు చెక్కడానికీ ఈ విద్యను వాడతారు.

బోల్టు తీసేటప్పుడు బోలుగా ఉన్న ఎలక్ట్రోడ్‌ను ముక్కకు తాకీ తాకనట్టు ఆడిస్తారు. రవ్వ పడ్డచోట పిసరంత లోహం కరుగుతుంది, గొట్టంలోంచి వచ్చే నీరు దాన్ని కడిగేస్తుంది. ఉక్కు ఎంత గట్టిదైనా తేడా లేదు, మెలితిప్పే బలమూ అక్కర్లేదు. అందుకే ఉలి, సుత్తి పట్టి హెడ్డును పాడుచేసుకునే ముందు ఈ యంత్రం ఉన్న షాపును వెతకమని గట్టిగా చెబుతాను.

అయితే ఎలక్ట్రోడ్ నిటారుగా, సరిగ్గా మధ్యలో నిలవాలి. పక్కకు ఒరిగితే రవ్వ అల్యూమినియాన్నీ తినేస్తుంది. గురి కుదిరితే బోల్టు నడుమంతా పోయి, మరల్లో పలుచని ఉక్కు చుట్ట మిగులుతుంది. దాన్ని సూదిమొన సాధనంతో లాగేసి, ట్యాపుతో శుభ్రం చేస్తే అదే సైజు బోల్టు మళ్లీ ఎక్కుతుంది.