మాయాబజారు వీరుల పునస్సమాగమం

అమెరికా వారి బొమ్మల పుస్తకాలలో ‘జస్టిస్ సొసైటీ’ అని ఒక వీరగణం ఉన్నది. పుట్టినది 1940లో. బాట్‌మాన్ కథలతో టెలివిజన్‌లో వచ్చిన ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ అనే బొమ్మల ధారావాహికలో, ఆ గణంలోని వారు వయసు మళ్ళిన తరువాత మరల ఒక్కచోట చేరి పాత శత్రువును ఎదుర్కొనే భాగం ఒకటున్నది. వారి కంటికి బాట్‌మాన్ ఇంకా కుర్రవాడే! అది చూస్తున్నంతసేపూ నాకు కిష్కింధాకాండలోని జాంబవంతుడే మనసులో మెదిలాడు. సముద్రపుటొడ్డున వానరులు ఎవరి సత్తువ వారు చెప్పుకొంటూ ఉండగా, ఆయన త్రివిక్రముని నాటి తన బలాన్ని తలచుకొని, ముసలితనం వల్ల ఇప్పుడు తొంబది యోజనాలకు మించి దూకలేనంటాడు. తాను దూకలేదు గాని, దూకగలవానికి వాని బలాన్ని గుర్తుచేశాడు. తిరిగివచ్చిన వృద్ధవీరుడు చేయవలసిన పని అదేనని నా నమ్మకం.

అటువంటి పునస్సమాగమం మన తెలుగువారికి 2010లో జరిగినది. ఆ వీరులు ‘మాయాబజార్’ వారు. ఆ కథకు మా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంతో ఉన్న బంధుత్వం చెప్పుకోదగినది.

శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు, కవిత్రయ భారతంలోనూ లేదు. భారతంలో అభిమన్యుని ఇల్లాలు ఉత్తర. శశిరేఖను మనకిచ్చినది నాటకరంగం. సురభి వారు ఊరూరా ఆడారు. 1936లోనే ఒకసారి తెరకెక్కినది. విజయా వారు కె.వి.రెడ్డి గారి దర్శకత్వంలో తీసిన చిత్రం 1957 మార్చి 27న విడుదలయినది. ఆ సంస్థ అధిపతులు ఇద్దరిలో ఒకరైన చక్రపాణి గారు, అనగా ఆలూరి వెంకట సుబ్బారావు గారు, 1908లో తెనాలిలో పుట్టినవారు. 1947 జూలైలో ‘చందమామ’ను మొదలుపెట్టిన చేయి కూడా ఆయనదే. బలరాముడు వేసిన గుమ్మడి వెంకటేశ్వరరావు గారిది తెనాలి దగ్గరి రావికంపాడు. ఘటోత్కచునికి గొంతునిచ్చిన మాధవపెద్ది సత్యం గారు, కళాదర్శకులలో ఒకరైన గోఖలే గారు తెనాలి, బాపట్లల నడుమ పొన్నూరు పక్కన ఉన్న బ్రాహ్మణకోడూరు వారు.

ఇంతమంది ఒక్కచోటి నుండి రావడం కాకతాళీయమా? నేనట్లా అనుకోను. స్త్రీ పాత్రలతో ఆంధ్రదేశాన్ని మురిపించిన స్థానం నరసింహారావు గారు 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి శ్రీరామవిలాస సభ నాటకాలతో పేరు గడించి, 1956లో పద్మశ్రీ అందుకొన్నారు. పద్యం బాగా పడితే ‘వన్స్ మోర్’ అని మరల పాడించుకొనే ప్రేక్షకులు ఇక్కడి వారు. ఇక రేపల్లె పేరే చూడండి. వ్రేలు అంటే గొల్లలు. కృష్ణుడు పెరిగిన మందను మన కవులు వ్రేపల్లె అన్నారు, జనం నోట అది రేపల్లె అయినది. తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగేవారికి కృష్ణుడు పరాయివాడు ఎట్లా అవుతాడు? నేను తెలుగు పండితుడిగా పనిచేసిన పల్లెలలో అక్షరం రానివాడు కూడా రాయబార పద్యం రాగం తీసేవాడు.

గుమ్మడి గారి విషయం విడిగా చెప్పాలి. ఆయన పుట్టినది 1927లో, రామారావు గారు 1923లో. నాలుగేండ్లు చిన్నవాడు అన్నగా నిలబడి, ముప్పది నిండకముందే బలరాముని పెద్దరికాన్ని, పట్టరాని కోపాన్ని, ఆ కోపం వెనుక ఉన్న అమాయకత్వాన్ని పోషించాడు.

తరువాత కాలం తన పని తాను చేసినది. పింగళి గారు 1971లో, కె.వి.రెడ్డి గారు 1972లో, ఘంటసాల, రంగారావు గార్లు 1974లో, చక్రపాణి, రేలంగి గార్లు 1975లో, సావిత్రి గారు 1981లో, రామారావు గారు 1996లో వెళ్ళిపోయారు. ఆ చిత్రానికి సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారు 2008లో ఘటోత్కచుని కథను బొమ్మల సినిమాగా తీశారు. గురువుగారి వీరుణ్ణి శిష్యుడు బొమ్మలలో బతికించడం ముచ్చటయిన విషయం.

2007లో హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ పదునాలుగు తెలుగు చిత్రాల నెగటివ్ హక్కులు కొన్నది. వానిలో ‘మాయాబజార్’కు రంగులద్దడం మొదలయినది. మొదటి ప్రతి నిడివి 184 నిమిషాలు. సెకనుకు 24 బొమ్మల చొప్పున లెక్కవేస్తే రెండు లక్షల అరవైనాలుగు వేల పైచిలుకు! చీర ఏ రంగు, కిరీటంలోని రాయి ఏ రంగు అని వెదకి వెదకి అద్దిన ఆ పని బొమ్మల సినిమా పనికి తోబుట్టువు. శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చారు. 2010 జనవరి 30న ఆ ప్రతి విడుదలయినది.

విడుదలకు ముందు వేసిన ప్రదర్శనకు గుమ్మడి గారు వచ్చారు. దీనిని చూడడానికి బతికి ఉండడం తన అదృష్టమన్నారు. నలుగురిలోకి ఆయన రావడం అదే ఆఖరు. జనవరి 26న కన్నుమూశారు. థియేటర్లలో బొమ్మ పడడానికి నాలుగు దినాల ముందు! ఎనభై రెండేండ్ల బలరాముడు చీకటిలో కూర్చొని ఇరవై తొమ్మిదేండ్ల తన్ను, తమ్ముణ్ణి, కూతుర్ని, ఆ సభనంతటినీ రంగులలో చూసుకొన్నాడు. ఏ బొమ్మల కథలోనూ ఇంతటి పునస్సమాగమాన్ని నేను చూడలేదు.

అయితే ఆ సమాగమానికి అందరూ రాలేదు. కొన్ని పాటలు, పద్యాలలో చాలా భాగం రంగుల ప్రతికి ఎక్కలేదు. దుస్తులు వచ్చాయి, నగలు వచ్చాయి, లడ్డూల రంగు వచ్చినది. పద్యం గడప దగ్గరే ఆగిపోయినది. కష్టపడి పనిచేసిన వారిని నేను తప్పు పట్టడం లేదు. కాని పద్యం లేని పౌరాణికం ఆయుధం ఇంట మరచి వచ్చిన యోధుని వంటిది. కథ నడుస్తుంది, దెబ్బ తగలదు.

పింగళి వారి వచనం మటుకు చెక్కుచెదరక నిలిచినది. ‘అస్మదీయ’ శుద్ధమైన సంస్కృతం. దానికి జోడుగా ‘తదీయ’ అనాలి గాని ‘తస్మదీయ’ అనే రూపం వ్యాకరణానికి ఒప్పదు. రాక్షసుల నోట అది ‘తసమదీయులు’ అయి కూర్చున్నది. తరగతిలో తద్ధితాలు చెప్పేటప్పుడు నేను ఈ మాటతోనే మొదలుపెట్టేవాడిని. పిల్లలు నవ్వి, ఆ నవ్వుతోనే సూత్రం పట్టుకొనేవారు. పాత వీరులు కొత్తవారికి బలం గుర్తుచేయడమంటే ఇదే గదా!

రంగులు అద్దే యంత్రాలు మునుముందు ఇంకా మెరుగవుతాయి. పద్యాన్ని నిలిపేది యంత్రం కాదు, నోరు. మీ ఇళ్ళలో ఇప్పటికీ రాగం తీసి పద్యం చదవగల పెద్దవారుంటే ఒకసారి చదివించుకొనండి, వీలైతే పదిలపరచండి. వారు తొంబది యోజనాలే దూకగలమంటారు. దూకవలసినది వారు కాదు, మనం.

శుభం.