కొత్త డబ్బా, పాత హర్ఫులు

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. అదే లఫ్జుకి చరిత్ర అని ఇంకో అర్థం ఉంది. ఉర్దూ మీడియం బడిలో హిస్టరీ పీరియడ్‌ని మేం తారీఖ్ పీరియడ్ అనే అనేవాళ్లం. 2014 ఏప్రిల్ 8 ఒక తారీఖ్. ఆ రోజు మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ ఎక్స్‌పిని ఇక పట్టించుకోం అన్నారు. బ్యాంకులకీ ఆఫీసులకీ అది తేదీ మాత్రమే. ఫిల్మ్‌నగర్ గల్లీల్లో పోస్టర్లు, పాటల పుస్తకాలు, ముహూర్తం కార్డులు కంపోజ్ చేసి రోటీ సంపాదించుకునేవాళ్లకి మాత్రం రెండో అర్థంలో కూడా తారీఖే.

కొత్త కంప్యూటర్ కొన్నాక ఇరవై ఏళ్ల నాటి సిస్టం ఎందుకు ఎక్కించాలి, అంత ముష్కిల్ ఎందుకు పడాలి అని కొందరు దోస్తులు నన్ను అడుగుతుంటారు. జవాబు చెప్పాలంటే కంప్యూటర్ రాకముందు నుంచీ మొదలుపెట్టాలి.

జూబ్లీహిల్స్ అనగానే జనానికి హీరోల బంగళాలు గుర్తొస్తాయి. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైనప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నవి రాళ్ల గుట్టలే. మద్రాసు నుంచి తెలుగు సినిమా మూటాముల్లె సర్దుకుని రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. షూటింగులు వచ్చాయి గానీ పోస్టర్ల పని చాలాకాలం మద్రాసులోనే ఉండిపోయింది. 1967లో ‘సాక్షి’తో మొదలుపెట్టిన ఈశ్వర్ గారు కుంచె పట్టి టైటిళ్లు రాసింది అక్కడే. ఆ ‘సాక్షి’ తీసిన బాపు గారి చేతిరాత సంగతి చెప్పే పని లేదు, తర్వాత అదే ఫాంటయి కూర్చుంది.

అదే కాలంలో ఇటు పాతబస్తీలో కాతిబులు ఉండేవాళ్లు. ఖలం సిరాలో ముంచి, పీటమీద కాగితం పరుచుకుని, నస్తాలీఖ్‌లో అఖ్బారు మొత్తం చేత్తో రాసేవాళ్లు. హిందీ సినిమా టైటిల్ హిందీ, ఇంగ్లీషు, ఉర్దూ మూడు లిపుల్లో తెర మీద పడే జమానా అది. ఇటు కుంచె, అటు ఖలం. పని ఒకటే.

ఈ రెండు పనుల్నీ కంప్యూటర్ మింగింది. కాకపోతే మన లిపుల్ని ముందు దర్వాజా నుంచి రానివ్వలేదు. పేజ్‌మేకర్ 1985లో వచ్చింది, డీటీపీ అనే మాట దాంతోనే జనంలోకి వెళ్లింది. అప్పటి ఫాంటుకి ఉన్నవి 256 గదులు. అవీ ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. మన తెలుగుకి అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ కావాలి. మనవాళ్లు చేసిన జుగాడ్ ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరం ఉండే గదిలో తెలుగు ముక్కని కూర్చోబెట్టడం. ఒక గదిలో తలకట్టు, ఇంకో గదిలో కొమ్ము, మరో గదిలో వత్తు. తెర మీద ‘సినిమా’ అని కనబడుతుంది గానీ మషీన్‌కి తెలిసింది ఏవో నాలుగు ఇంగ్లీషు గుర్తులే. అనూ ఫాంట్లు, శ్రీలిపి, అన్నీ ఈ బాటలో నడిచినవే. ఏ కంపెనీ గదుల లెక్క దానిది. ఆ ఫాంటు తీసేస్తే ఫైల్లో మిగిలేది పిచ్చి గీతలు.

ఉర్దూది ఇంకా పెద్ద దాస్తాన్. నస్తాలీఖ్‌లో హర్ఫులు ఒకదాని భుజం మీద ఒకటి వాలి కిందికి జారతాయి. పక్క హర్ఫుని బట్టి రూపం మారుతుంది. మీర్జా అహ్మద్ జమీల్ అనే ఉస్తాద్ సుమారు 20 వేల హర్ఫుల కలయికల్ని గీయించి నూరీ నస్తాలీఖ్ తయారు చేశారు. 1981లో లాహోర్ ‘జంగ్’ పత్రిక దాంతో అచ్చయింది. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చి అదే నస్తాలీఖ్‌ని మామూలు పీసీలోకి తెచ్చింది. ఎనభైకి పైగా ఫాంట్ ఫైళ్లలో ముక్కలు చేసి సర్దారు. కాతిబుల కొడుకులు ఖలం వదిలి మౌస్ పట్టింది అప్పుడే.

యూనికోడ్‌లో తెలుగుకీ ఉర్దూ హర్ఫులకీ 1991 నుంచే చోటు ఉంది. చోటు కాగితం మీదే. అది మామూలు పీసీలోకి దిగింది 2001 ఎక్స్‌పితో. అందులో ఒక చిన్న తమాషా ఉంది. ఎక్స్‌పిలో భాషల సెట్టింగులకి వెళ్తే ఒక టిక్ పెట్టే గడి ఉంటుంది. సంక్లిష్ట లిపులకీ, కుడి నుంచి ఎడమకి రాసే భాషలకీ కలిపి ఒకటే గడి. ఆ ఒక్క టిక్‌తో తెలుగూ వచ్చేది, ఉర్దూ వచ్చేది. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, రెండు జుబాన్ల మధ్య పుట్టినప్పటి నుంచీ ఇటూ అటూ తిరిగే నాలాంటివాడిని ఒకే గడిలో సర్దేసిన ఘనత రెడ్‌మండ్ ఇంజనీర్లది. వాళ్లకి ఆ సంగతి తెలియదనుకోండి!

అయినా డీటీపీవాళ్లు ఆ టిక్‌ని పట్టించుకోలేదు. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు రాదు. ఎక్స్‌పి మీద పాత ఫాంటు, పాత పేజ్‌మేకర్, పాత ఇన్‌పేజ్, ఇదే వాళ్ల వజీఫా అయిపోయింది. ఇరవై ఏళ్ల పని ఆ మషీన్లలోనే పేరుకుపోయింది.

ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం గుడి దాటాక ఓ మేడ మీద రెండు గదుల డిజైన్ ఆఫీసు ఉంది. నడిపే భాయ్‌ది పాతబస్తీ. వాళ్ల అబ్బా కాతిబ్. పొద్దున సినిమా ప్రకటనలు, సాయంత్రం ఉర్దూ షాదీ రుఖాలు, ఇదీ ఆయన కారోబార్. ఒక రోజు ఫోన్ చేశాడు. “భయ్యా, పాత డబ్బా ఇంతెకాల్ అయిపోయింది” అన్నాడు. మదర్‌బోర్డ్ మీద కెపాసిటర్లు ఉబ్బి కారిపోయాయి. హార్డ్‌డిస్క్ సలామత్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి పోయి కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్, కొత్త డిస్క్ తెచ్చుకున్నాడు. ఎక్స్‌పి సీడీ బీరువాలో భద్రంగా ఉంది. ఇక ఎక్కించడమే కదా అనుకున్నాడు.

బయట నుంచి డీవీడీ డ్రైవ్ తగిలించి, బోర్డు సెట్టింగుల్లో పాత పద్ధతి బూట్ ఆన్ చేస్తే సీడీ కదిలింది. నీలి తెర మీద తెల్లక్షరాలు, ఫైళ్లు ఒక్కొక్కటే లోడ్ అవుతున్నాయి. అంతా అయి విండోస్ మొదలవుతోంది అనగానే ఠక్కున ఆగి ఇంకో నీలి తెర. ఎర్రర్ కోడ్ చివర 7బి. నేను బూట్ కావాల్సిన డిస్కే నాకు కనబడటం లేదు అని దాని మతలబ్.

డిస్క్ కళ్ల ముందే ఉంది. సమస్య జుబాన్‌ది. ఎక్స్‌పి సీడీకి తెలిసింది ఐడీఈ అనే పాత భాష. డిస్కులతో మాట్లాడే ఏహెచ్‌సీఐ అనే పద్ధతి వచ్చింది 2004లో, ఎక్స్‌పి పుట్టిన మూడేళ్ల తర్వాత. ఒకప్పటి మెకానిక్కులకి దీనికి రెండు మందులు తెలుసు. బయోస్‌లోకి పోయి శాటా మోడ్‌ని ఐడీఈకి మార్చడం ఒకటి. సెటప్ మొదట్లో ఎఫ్6 నొక్కి ఫ్లాపీ నుంచి డ్రైవర్ ఇవ్వడం రెండోది. ఈ కొత్త బోర్డులో ఐడీఈ మోడ్ ఎత్తేశారు. ఫ్లాపీ తగిలించడానికి చోటే లేదు. పైగా కొత్త డిస్క్ శాటా కూడా కాదు, ఎన్‌వీఎంఈ. ఎక్స్‌పి తాత కలలో కూడా చూడని రకం.

సరే, విండోస్ 7 పెట్టి చూద్దాం అన్నాడు. అందులో పాత ప్యాకేజీ నడుస్తుందని ఎవరో చెప్పారట. సెటప్ తెర వచ్చింది. భాష ఎంచుకోమంది. మౌస్ కదల్లేదు, కీబోర్డు పలకలేదు. 2015 తర్వాతి ఇంటెల్ బోర్డుల్లో పాత యూఎస్‌బీ కంట్రోలర్‌ని తీసేశారు. మిగిలింది యూఎస్‌బీ 3 భాష. విండోస్ 7 సీడీకి అది రాదు. డ్రైవర్లు కలిపి కొత్తగా ఇన్‌స్టాలర్ తయారు చేసుకుంటే ఈ గండం గట్టెక్కుతుంది గానీ, ఆ సిస్టం మద్దతు కూడా 2020 జనవరి 14తో ఆగింది. ఆ సంక్రాంతికి ‘సరిలేరు నీకెవ్వరు’, ‘అల వైకుంఠపురములో’ ఒక రోజు తేడాతో వచ్చాయి. ఊరంతా ఆ రెండు పోస్టర్లే. ఈ మౌత్ ఖబర్ ఎవరు వింటారు?

విండోస్ 10 గంటలో ఎక్కేసింది. సమస్య అప్పుడు కూడా తీరలేదు. ఆయన దగ్గరున్న పాత తెలుగు ప్యాకేజీ సెటప్ మొదలే కాలేదు. ఆ కాలం సెటప్ ప్రోగ్రాములు చాలావరకు 16 బిట్‌వి, 64 బిట్ విండోస్ వాటిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఉర్దూ ప్యాకేజీకి ఉన్న తాళం ఒక డాంగిల్, ప్రింటర్ పోర్టుకి గుచ్చేది. కొత్త బోర్డు వెనక ఆ 25 రంధ్రాల పోర్టే లేదు.

చివరికి దారి చూపింది వర్చువల్ మషీన్. విండోస్ 10 లోపల ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్ పెట్టి, అందులో ఎక్స్‌పి ఎక్కిస్తే అరగంటలో ఎక్కింది. నాకు ఇక్కడే నవ్వొచ్చింది. వర్చువల్‌బాక్స్ తన లోపలి మషీన్‌కి మామూలుగా చూపించే చిప్‌సెట్ పీఐఐఎక్స్3, ఇంటెల్ 1996లో తెచ్చినది. అంటే కొత్త మషీన్ పాత సిస్టానికి ఒక అబద్ధం చెబుతోంది: బేటా, ఇంకా పాత జమానాయే నడుస్తోంది, డిస్క్ ఐడీఈయే, బేఫికర్‌గా ఉండు. ఎక్స్‌పి నమ్మింది. తెలుగు ప్యాకేజీ నడిచింది. పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకున్నాయి. డాంగిల్‌కి మాత్రం ఈ మాయ పనిచేయలేదు. ఇన్‌పేజ్ తర్వాతి వెర్షన్లు యూనికోడ్‌కి మారి పాత ఫైళ్లనూ తెరుస్తాయి కాబట్టి ఉర్దూకి ఖర్చు పెట్టి కొత్తది కొన్నాడు.

అప్పుడు ఇద్దరం కూర్చుని ఆ డిస్క్‌లో ఏముందో చూశాం. సినిమా టైటిళ్లకి ఏమీ కాలేదు. వాటిని కోరల్‌లో గీతలుగా మార్చి పెట్టుకోవడం డిజైనర్ల రివాజు. గీతకి ఫాంటుతో పని లేదు. హీరో పేరు, టైటిల్, డైరెక్టర్ సంతకం అన్నీ ఏ మషీన్‌లోనైనా కనబడతాయి. ఫాంటు లేకపోతే పిచ్చి గీతలయ్యేది మామూలు మేటర్: పాటల పుస్తకంలో చరణాలు, ప్రెస్ నోట్లు, కృతజ్ఞతల జాబితాలు. లైట్‌మన్లు, కాస్ట్యూమర్లు, ప్రొడక్షన్ బాయ్స్, మేకప్ అసిస్టెంట్ల పేర్లు. వాటిలో మస్తాన్‌లు, మౌలానాలు, ఖాదర్‌లు ఎంతమందో. విడుదలే కాని సినిమాల జాబితాలు కూడా ఉన్నాయి. ఆ పేర్లు ఈ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడైనా అచ్చయి ఉంటాయని నేననుకోను.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కన్వర్టర్‌తో వాటిని యూనికోడ్‌లోకి తెస్తున్నాం. మేటర్ చాలావరకు సాఫ్‌గానే వస్తుంది. మొండికేసేది పేర్ల దగ్గర. ఆపరేటర్ అందంగా ఉండాలని ఫ, జ కింద చేత్తో తగిలించిన నుక్తాలూ, ఇరుకులో పట్టించడానికి పక్కకి జరిపిన వత్తులూ కన్వర్టర్‌కి అర్థం కావు. అందుకని పాత ప్రింట్ పక్కన పెట్టుకుని భాయ్ పేర్లు చదువుతాడు, నేను టైప్ చేస్తాను. ఆదివారం ఆదివారం కూర్చుంటున్నాం. 2004 దాకా వచ్చాం.