గనుల ఊళ్ళును సింగరేణి కంపెనీయు

హైదరాబాదున లక్డీకాపూల్ నుండి రెడ్‌హిల్స్ వైపు తిరిగిన బాటసారికి సింగరేణి భవనము కనబడును. కంపెనీ ప్రధాన కార్యాలయము కొత్తగూడెమున నున్నను, గోదావరీ లోయలోని గనులకును వాని చుట్టునున్న ఊళ్ళకును సంబంధించిన పెద్ద నిర్ణయములు పెక్కు ఈ భవనముననే జరుగుచుండుటచేత, బొగ్గు పొర యొక్కటియు లేని ఈ వీథిని తలచునపుడెల్ల ఇల్లందు, బెల్లంపల్లి, గోదావరిఖని నాకు జ్ఞప్తికి రాక మానవు.

1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో గనుల హక్కులను పొందిన హైదరాబాదు దక్కను కంపెనీ ఇంగ్లండున పుట్టినది. దాని వాటాల విక్రయము లండనులో ఎంత కలకలము రేపెననగా, 1888లో బ్రిటిషు పార్లమెంటు విచారణ సంఘమును వేయవలసి వచ్చెను. ఆ కంపెనీ ఆస్తులే 1920 డిసెంబరు 23న ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీకి సంక్రమించినవి. నేడు అందు తెలంగాణ ప్రభుత్వమునకు 51, కేంద్రమునకు 49 శాతము వాటాలు కలవు.

అడవి నడుమ, చలిజ్వరములకు నెలవైన ప్రదేశమున, నేల లోపలికి దిగి పనిచేయు మనుష్యులను నిలుపుకొనుట ఆదినుండియు కంపెనీకి కఠినసమస్య. పొట్టకూటికై వచ్చినవారును, దొరల వెట్టికి తాళలేక ఊరు విడిచినవారును బొగ్గుబాయి పనికి కుదిరిరి. కాని తలకు దీపము కట్టుకొని రాత్రి షిఫ్టుకు దిగెడివాడు, పైన ఇంటిలో నీళ్ళున్నవో లేవో, బిడ్డకు జ్వరము వచ్చినచో చూచువారు కలరో లేరో యని తల్లడిల్లుచుండిన ఎన్నినాళ్ళు నిలుచును? కనుకనే క్వార్టర్లు లేచినవి, కుళాయిలు వచ్చినవి, కరెంటు వెలిగినది, బడియు ఆసుపత్రియు వెలసినవి. ఇందు కంపెనీ దయ కంటె కంపెనీ అవసరమే అధికమని నా నమ్మకము; ఆ అవసరమునెరిగిన కార్మికసంఘములు దానిని సమ్మెలచేతను ఒప్పందములచేతను హక్కుగా మార్చుకొనినవి. 1990 దశకమున నష్టములలో మునిగి, ఖాయిలా పరిశ్రమల సంగతి చూచు బి.ఐ.ఎఫ్.ఆర్. గడప త్రొక్కిన సంస్థ, కోలుకొనిన పిమ్మట, 1999-2000 సంవత్సరపు లాభములలో 10 శాతముతో మొదలిడి కార్మికులకు వాటా పంచుచు వచ్చినది. ఆ వంతు ఇప్పుడు 30 శాతమును దాటినది. చేతికి మసి అంటినవానికి లాభమున పాలు దక్కుట మన పరిశ్రమల చరిత్రలో సామాన్యవిషయము కాదు.

అయితే గని స్వరూపమే మారినది. ఉత్పత్తిలో అధికభాగము నేడు నేలను పైనుండి తవ్వు ఓపెన్‌కాస్టు గనులనుండి వచ్చుచున్నది. 1990 ప్రాంతమున లక్షకు మించియుండిన కార్మికుల సంఖ్య 40,000 ప్రాంతమునకు దిగినది. భూగర్భగనికి మనుష్యులు కావలెను, కావున కంపెనీ ఊళ్ళు కట్టెను. ఓపెన్‌కాస్టుకు భూమి కావలెను, కావున ఊళ్ళు కదలవలసి వచ్చుచున్నవి. కదలక మిగిలిన ఊళ్ళలో బ్లాస్టింగు జరిగినపుడు గూటిలోని గిన్నెలు అదురును, గోడలు బీటలు వారును. బొగ్గుపై మట్టిని తవ్వి పోసిన ఓబీ గుట్టల దుమ్ము ఆరవేసిన బట్టలపైనను, మూతలేని నీళ్ళబిందెలలోను పడును. ఆ ఇండ్లవారిలో పెక్కుమందికి క్వార్టరు లేదు, మస్టరు పట్టీలో పేరు లేదు, లాభమున వాటా లేదు. తమ పక్షమున సమ్మె చేయుటకు సంఘమును లేదు.

2013 నాటి కంపెనీల చట్టములోని 135వ సెక్షను, గడచిన మూడేండ్ల సగటు నికరలాభమున 2 శాతమును సామాజిక కార్యములకు వ్యయపరచవలెననియు, అందు తాము పనిచేయు ప్రాంతమునకు ప్రాధాన్యమీయవలెననియు పెద్ద కంపెనీలకు విధించినది. చుట్టుపట్ల గ్రామముల వసతులకై షేప్ నిధి యను ఏర్పాటును సింగరేణికి కలదు. ఈ ధనము ఏ ఊరికి ఎంతయని నిర్ణయించు ఫైలు సంతకమునకు వచ్చుటకు ముందు, ఆ ఊరి గ్రామసభ కూర్చొని తనకేమి కావలెనో వ్రాసి పంపియుండవలెను. ఓబీ గుట్ట ప్రక్కనున్న ఊరికి మొదటి వంతు దక్కవలెను. భవనములోని పెద్దలు ఈ రెండింటిని నియమములుగా చేయుదురుగాక.